దొడ్డబళ్ళాపురంలో గూబకు వకాల్తా

బెంగుళూరులో మా పేటలో యాత్ర చేసొచ్చిన వాళ్లకు ఒక మర్యాద ఉంది. కాశీకి పోయినవాళ్లు గంగచెంబు తెస్తారు, తిరుపతికి పోయినవాళ్లు గుండుతో వస్తారు, ఇరుగుపొరుగు వచ్చి చూసి కళ్లకద్దుకుని పోతారు. నేను దొడ్డబళ్ళాపురానికి పోయి, గుడ్లగూబ కక్కిన ఉండలు ఒక బిస్కత్తు డబ్బా నిండా తెచ్చాను. చూడటానికి ఎవరూ రాలేదు. మా అమ్మ ఆ డబ్బాను గడప దాటనివ్వలేదు.

బెంగుళూరుకు ఆ ఊరు పాతిక మైళ్లు. పొద్దున పోయి సాయంత్రం తిరిగొచ్చే ఊరికి యాత్రా కథనం ఏమిటని మీరు అడగవచ్చు. అడిగితే తప్పు లేదు. కానీ మీలో ఎవరూ గూబ కోసం అక్కడికి పోయి ఉండరు గనక నాకీ ధైర్యం వచ్చింది.

ఎనభైల మొదట్లో సంగతి ఇది. జంతుశాస్త్రంలో డిగ్రీ చేతికొచ్చి, చదివిన కాలేజీలోనే డెమాన్‌స్ట్రేటరుగా కుదిరాను. విద్యార్థులు కప్పను కోస్తుంటే పక్కన నిలబడి, కళ్లు తిరిగి పడిపోయినవాళ్లను బయటికి మోసుకుపోవడం, పనయ్యాక బల్లలు తుడవడం ఆ ఉద్యోగం. మా హెడ్డుగారు మచ్చల అడవి గూబ మీద వ్యాసం రాస్తున్నారు. పేరులో అడవి ఉందిగానీ అది ఊరి పక్కనే మావిడి తోపుల్లో, చింతచెట్లలో కాపురముంటుంది. గుండ్రటి తల, చెవుల దగ్గర కుచ్చులుండవు, ముఖమంతా రాయి వేసిన చెరువులో అలల్లాగా వలయాలు. జంట జంటగా బతుకుతాయి. గూడు కట్టే శ్రమ పడవు. చెట్టు తొర్రలో ఉత్త చెక్క మీదే రెండు గుడ్లు పెట్టేస్తాయి. గూబకు పళ్లు లేవు గనక ఎలుకను నిలువునా మింగుతుంది. అరిగేది అరిగిపోతుంది, అరగని బొచ్చూ ఎముకలూ కడుపులో ఉండకట్టి, కొన్ని గంటలకు నోట్లోంచి బయట పడతాయి. ఆ ఉండ విప్పితే అది ఏం తిని బతుకుతోందో లెక్క తెలుస్తుంది. హెడ్డుగారికి ఆ ఉండలు కావాలి. ఏరడానికి ఒక పట్టభద్రుడు కావాలి.

దొడ్డబళ్ళాపురంలో మా అమ్మకు పెదనాన్న కొడుకు, నాకు మామ వరస, నరసింహప్ప ఉన్నాడు. పట్టుచీరలు నేస్తాడు. అతని ఇంటి వెనకే తోపు. అమ్మ చక్కిలాలు కట్టిచ్చింది. హెడ్డుగారు డబ్బా ఇచ్చారు.

యలహంక దాకా

బస్సులో నా పక్కన ఒక బుడబుక్కలాయన కూర్చున్నాడు. తలకు ఎర్ర పాగా, భుజాన పాత కోట్లు నాలుగు, ఒళ్లో డమరుకం. వీళ్లకు పక్షుల భాష, ముఖ్యంగా గూబల భాష వస్తుందని మా వైపు అందరికీ తెలుసు. తెల్లవారుజామున చెట్ల కింద నిలబడి విని, పొద్దున ఇంటింటికీ వచ్చి మన జాతకం చెబుతారు. అదే పనికి ప్రభుత్వం నాకు మూడేళ్లు పాఠం చెప్పించింది. ఒకే వృత్తివాళ్లు ఎదురుపడితే ఉండే ఇరుకు కాసేపు ఉండింది. తర్వాత యలహంకలో బస్సు చక్రం పంక్చరైంది.

చక్రం మార్చేలోగా ఇద్దరం రోడ్డు పక్క హోటల్లో తట్టె ఇడ్లీ తిన్నాం. మా పేటలో ఇడ్లీని పువ్వంటారు. ఇక్కడిది పేరుకు తగ్గట్టు పళ్లెమంత ఉంది, ఒకటి తింటే రెండో దాని గురించి మాట్లాడబుద్ధి కాదు. కాఫీ అర్ధరూపాయి. ఒకటి తీసుకుని ఇద్దరం పంచుకున్నాం. ఆయన తన సగం ముందే తాగాడు.

"గూబలేమంటుండాయి స్వామీ ఈ మధ్య?" అన్నాను, వృత్తి మర్యాదగా.

"ఏమీ అనడం లేదప్పా."

"అలిగినాయా?"

"చెట్లుంటే గదప్పా కూర్చొని చెప్పేది. ఈ దోవలో నాకు పదకొండు చెట్లుండె. ఇప్పుడు మూడు. నేనే ఏదో ఒకటి చెప్పుకొని బతుకుతుండాను."

నవ్వుదామని చూశాను. ఆయన నవ్వడం లేదు. కోటు జేబులోంచి బీడీ తీసి వెలిగించి, బస్సు కదిలాక రాజానుకుంటె దాకా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు. రోడ్డుకు రెండు వైపులా నీలగిరి మొక్కలు, బడి పిల్లల్లాగా వరసగా. ఒక్కదాని మీదా కాకి కూడా లేదు.

తాళం వేసిన ఇల్లు

మామ ఇంటికి తాళం వేసి ఉంది. తాళానికి పసుపు దారం, గడప మీద ఎండిపోయిన వేపాకు. మగ్గాల చప్పుడుతో మోగిపోయే వీధిలో ఆ ఒక్క ఇల్లు నోరు మూసుకుని ఉంది. ఎవరైనా పోయారేమోననుకున్నాను. తర్వాత చూస్తే మామ, అత్త మునిలక్ష్మమ్మ, మామ తల్లి హనుమక్క అవ్వ, ముగ్గురూ వీధి చివర భజన మందిరం జగలి మీద, అంటే అరుగు మీద, ఉన్నారు. జగలికి ఒక కొసన పొయ్యి, రెండో కొసన పరుపుచుట్టలు, మధ్యలో దేవుడి డోలు.

"ఏమప్పా, ఇప్పుడొస్తివా?" అంది అత్త. "కూర్చో. యాడ కూర్చుంటావో చూసుకొని కూర్చో, ఈడ పొద్దున చీమలు జాస్తి."

సంగతి ఇది. శివరాత్రికి ముందు ఒక సాయంత్రం ఒక గూబ పెరటి తలుపులోంచి నడుచుకుంటూ లోపలికొచ్చి, మగ్గం దూలం మీద కూర్చుంది. గూబ చొరబడిన ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాలి. ఆ తర్వాత ముందు ఆవును తోలి, శాంతి చేసి, అప్పుడు మనుషులు అడుగుపెట్టాలి. మా వాళ్లందరిలో ఉన్నదే ఈ ఆచారం. పేటలో మేం దాన్ని పాటించం. అంటే మాకు నమ్మకం లేదని కాదు, ఆరు నెలలు ఇంకో ఇంటికి అద్దె కట్టే స్తోమత లేదు.

అప్పుడు ఆ గూబను కట్టెతో తోలారట. మర్నాడు మోరీలో చచ్చిపడి ఉందట.

"నడుచుకుంటా వచ్చిందా అత్తా? ఎగరలేదా?"

"ఎగిరేదానికి రెక్కలు సరిగా లేవప్పా. ఒళ్లంతా తెల్లగా దూదిలెక్క."

నాకు విషయం అర్థమైంది. అది గూబ పిల్ల. ఈ జాతి పిల్లలు ఎగరడం రాకముందే తొర్ర విడిచి కొమ్మలెక్కుతాయి. చెట్టుంటే కొమ్మ, లేకపోతే మామ మగ్గం.

కష్టం ఇంటిది కాదు, మగ్గానిది. ఇల్లు విడిచి జగలి మీదికి రావచ్చుగానీ గుంట మగ్గాన్ని తేలేం, అది నేలలో పాతుకుని ఉంటుంది. దాని మీద సాహుకారు ఇచ్చిన పడుగు, నాలుగు పెళ్లి చీరలకు సరిపడా పట్టు, సగం చీర నేసి ఉండగా ఆగిపోయింది. సాహుకారుకీ గూబంటే భయమే గనక వినాయక చవితి దాకా గడువిచ్చాడు. అప్పటికి పడుగు చెడకుండా ఉంటే మామ మళ్లీ తన ఇంట్లో తన మగ్గం మీద కూర్చుంటాడు. చెడితే మళ్లీ పట్టు ఇచ్చేవాడుండడు. ఊరి బయట కొత్తగా వచ్చిన మరమగ్గాల షెడ్డులో కూలికి పోవాలి. ఆ వీధిలో అలా పోయినవాళ్లు అప్పటికే చాలామంది ఉన్నారు. వాళ్లు సాయంత్రం ఇంటికొచ్చి గట్టిగా అరిచి మాట్లాడుతున్నారు, చెవులు పోయి.

"లోపల చూసినారా మామా, పడుగు ఎట్లుందో?"

"ఎట్ల చూసేది? తాళమేసిన ఇల్లు." మామ చక్కిలం విరిచి సగం అవ్వకిచ్చాడు. "రోజూ పొద్దున కిటికీ కాడికి పోయి నిలుచుకుంటాను. లోపల చీకటి. ఉండాదిలే అనుకొని వస్తాను."

మొద్దుల తోపు

మర్నాడు తెల్లారకముందే తోపుకు పోయాను. తోపు లేదు. మావిడి మొద్దులున్నాయి, బల్లపీటల్లా నున్నగా కోసినవి. మధ్యమధ్యలో గుంటలు తీసి నీలగిరి మొక్కలు నాటారు. ఊరి ఉమ్మడి తోపు వేలానికి పోయిందట. ఒక మొద్దుకు పక్కనే కూలిన కాండం, అందులో తొర్ర, తొర్రలో నల్లబడ్డ చెక్కపొడి, ఒక ఎండ్రకాయ డెక్క. హెడ్డుగారి వ్యాసానికి కావలసిన గూడు అదే. నేను రెండు నెలలు ఆలస్యంగా వచ్చాను. డిగ్రీ కూడా అలాగే ఆలస్యంగా వచ్చింది, అలవాటే.

మామ పెరట్లో గోడ లోపల ఒక చింతచెట్టు మిగిలింది, సొంత చెట్టు గనక. గోడ అవతల నుంచి మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. మొదట ఏమీ కనిపించలేదు. ఆ పక్షి ఈకలు చింత బెరడును చూసి రాసుకున్న నకలు లాగా ఉంటాయి. తర్వాత ఒక కొమ్మ కళ్లు తెరిచింది. నల్లటి కళ్లు. దాని పక్కనే ఇంకో కొమ్మ. రెండింటికీ మధ్యన బూడిద రంగులో ఒక దూదిమూట, తల అటూ ఇటూ ఊపుతూ నన్ను కొలుస్తోంది. రెండో పిల్ల. తొర్ర పోయినా, తోడబుట్టింది మోరీలో పోయినా, ఇది బతికి ఇక్కడ చేరింది.

చెప్పకూడదుగానీ, ఆ క్షణం ఆ పిల్లకు చేతులు జోడించాను. వెంటనే తల్లి నా నెత్తిన రెట్ట వేసింది. సరిపోయింది.

చెట్టు కొమ్మల్లో సగం గోడకు ఇవతల వాలి ఉన్నాయి. వాటి కింద ఉండలు ఏరాను. పన్నెండు దొరికాయి. అటుగా పోతున్న ఒకామె ఆగి, నేను ఏరేదేమిటో చూసి, నా ఇంటిపేరు అడిగి, పెళ్లయిందా అని అడిగి, కాలేదని చెప్పగానే అర్థమైందన్నట్టు వెళ్లిపోయింది.

జగలి మీద పాఠం

మధ్యాహ్నం అత్త రాగిముద్ద, ఉప్పుసారు పెట్టింది. మా ఇంట్లో ముద్దను కొరికి తింటే నవ్వరు, అక్కడ నవ్వుతారు. ముద్ద మింగవలసిన వస్తువు. గూబ ధర్మమే. అలా మింగిన ముద్ద గొంతు దాటగానే నేను వకీలు వేషం కట్టాను.

"మామా, అది దోషం కాదు. పిల్ల. తోపు కొట్టేస్తే యాడికి పోవాలో తెలీక మనింట్లోకి వచ్చిండాది. గూబ ఎలుకల్ని తింటుంది. నేసేవాళ్ల ఇంటికి దానికన్నా మేలు చేసేది ఇంకోటి లేదు."

"నిజమే అప్పా," అన్నాడు మామ.

"ఒక జంట ఉంటే ఈ వీధిలో ఎలుకే ఉండదు."

"నిజమే."

"అయితే తాళం తీయండి."

"ఆరు నెల్లు కావాల గదప్పా."

ఈ దేశంలో విజ్ఞానశాస్త్రం ఎక్కడ ఆగిపోతుందో పుస్తకాల్లో రాయరు. నిజమే అన్న మాట దగ్గర ఆగిపోతుంది. అవ్వ మాత్రం ఆసక్తిగా వింటోంది. "చూపించు, ఏం తినిండాదో," అంది. నా చదువు మీద ఆ ఊళ్లో ఒకరికి గౌరవం కలిగిన ఏకైక సందర్భం అది. న్యూస్‌పేపరు పరిచి, ఒక ఉండను నీళ్లలో నానబెట్టి, రెండు సూదులతో విప్పాను. ఎలుక పుర్రె, బొటనవేలి గోరంత. దవడలు. పక్కటెముకలు, వెంట్రుకల్లాంటివి. అవ్వ ఒక్కోదాన్నీ చూసి, చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఇంకా దగ్గరికి జరిగింది.

రెండో ఉండలో బొచ్చు మధ్య ఏదో మెరిసింది. సూదితో లాగితే పొడుగ్గా వచ్చింది. దారం. నేరేడుపండు రంగు.

"గూబ నేత కూడా నేర్చినట్టుండాది," అన్నాను.

మామ నా చేతిలోంచి ఆ పోగు తీసుకున్నాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒకసారి తిప్పాడు. నీళ్లలో ముంచి, ఎండకు పట్టి, మళ్లీ తిప్పాడు. అది దారం చూడటం కాదు. నాడి చూడటం.

"ఇది మన పడుగు," అన్నాడు.

"పట్టు అందరి ఇండ్లలోనూ ఉంటుంది గద మామా."

"ఈ రంగు నేనే బెంగుళూరుకు పోయి, దగ్గరుండి అద్దకం చేయించినాను. మెలి నాది. వీధిలో ఇంకెవరి కాడా లేదు."

జరిగింది తెలుస్తూనే ఉంది. మనుషులు తాళం వేసి బయటికొచ్చారు, ఎలుకలు తాళంతో పని లేకుండా లోపలికి పోయాయి, పట్టు కొరికి గూడు వేసుకున్నాయి. వాటిలో ఒకటి గోడ దాటి వచ్చి గూబ నోట్లో పడింది. లోపల జరిగేదాన్ని ఇంటి యజమానికి చెప్పింది గూబ ఒక్కటే. ఈ వాదన నేను గట్టిగానే చెప్పాను. మామ వినలేదు. తలుపు వైపు చూస్తున్నాడు.

కిటికీ అవతల

ఆ సాయంత్రం, రాత్రి, మర్నాడు పొద్దున, చర్చ అంతా ఒకటే. తాళం తీయాలా వద్దా. చేతికి దొరికేది ఏదైనా మిగిలి ఉంటే ఇప్పుడే కాపాడుకోవాలి. కానీ ఇంటివాళ్లు గడువు లోపల అడుగుపెడితే ప్రాణానికి ముప్పు. చివరికి అవ్వే దారి కనిపెట్టింది.

"వీడు మనింటోడు కాదు గదా. వేరే ఇంటిపేరు. వీనికి తగల్దు."

దోషాలకు ఇంటిపేరు చూసుకుని తగిలే పద్ధతి ఉందని నాకు అప్పుడే తెలిసింది. ప్రభుత్వ కార్యాలయాల్లో కూడా అంత పద్ధతి లేదు. అత్త నా నుదుట కుంకుమ పెట్టింది, అవ్వ నిమ్మకాయ తిప్పింది. దిగ్గజం యుద్ధానికి బయల్దేరినట్టు లోపలికి అడుగు పెట్టి, గుమ్మం తలకు కొట్టుకున్నాను.

లోపల ఎలుకల మూత్రపు కంపు, చీకటి. మగ్గం కిటికీ పక్కనే. మామ వీధిలో, కిటికీకి మూరెడు దూరంలో నిలబడ్డాడు, ఊచలు ముట్టుకోకుండా చేతులు వెనక్కి కట్టుకుని. ముప్పై ఏళ్లుగా అదే కిటికీ వెలుతురులో నేసిన మనిషి, ఇప్పుడు బయటినుంచి తన మగ్గాన్ని చూస్తున్నాడు.

"ఏం కనబడుతుండాది?"

పడుగు మగ్గం నుంచి అవతలి గోడ దాకా చాపలాగా పరుచుకుని ఉంది. కొస మూటకట్టి వేలాడుతోంది. మూట అడుగున ఎలుకలు కొరికి, ఒక పక్క జానెడు మేర పీచు చేశాయి. నేను లాంతరు పట్టుకుని చెప్పాను, డాక్టరులాగా, అంచెలంచెలుగా.

"ఒక్క పక్కేనా?" అన్నాడు మామ. గొంతు మారింది. "నడిమి బాగుండాదా?"

"బాగుండాది మామా."

"అయితే బతికింది. విను. కుడిపక్క గూటానికి తాడుండాది. దాన్ని చేతికి చుట్టుకొని మెల్లిగా, రవ్వంత రవ్వంత వదులు. పడుగు సడలుతుంది. మూటను ఎత్తి దూలానికి కట్టు, ఎలుకకు అందకుండా. అంతే. ఇంకేం ముట్టుకోవద్దు."

తాడు వదిలాను, రవ్వంత రవ్వంత. ఒక ఎలుక నా పాదం మీదుగా పోయింది, అయినా వదల్లేదు. పడుగు మెల్లగా కిందికి జారింది. మూట ఎత్తి దూలానికి కట్టాను, గట్టిగా, రెండు ముడులు. జీవితంలో నేను చేతులతో చేసిన పనుల్లో సరిగా చేసింది అదొక్కటే. కిటికీ బయట మామ ఊపిరి వదలడం వినిపించింది. అత్త ఎవరితోనో అంటోంది, "చదువుకున్నోడంటే ఇట్లుండాల."

అక్కడితో బయటికొచ్చేస్తే ఈ కథనం మీకు రాసేవాణ్ణి కాను. మామ చెప్పిన పని అయింది. కానీ సడలిన పడుగు మధ్యలో రెండు వెదురు బద్దలు, దారాల్లో అటొకటి ఇటొకటి దూరి, వంకరగా వేలాడుతున్నాయి. నేలకు తగిలి దారాలను లాగుతున్నట్టు కనిపించింది. నాకు కాలేజీలో రెండేళ్లుగా ఒక అలవాటు పడింది. పనయ్యాక బల్ల మీద పరికరాలు మిగలకూడదు, తీసి తుడిచి సర్దాలి. తీశాను. ఒకటి సులువుగా జారింది. రెండోదీ జారింది. పట్టు మీద వెదురు ఎంత నున్నగా జారుతుందో చెప్పలేను. రెండూ లుంగీకి తుడిచి, కిటికీ దగ్గరికి తెచ్చి చూపించాను.

"ఇవి కూడా తీసేసినాను మామా, దారాలకు తగలకుండా."

మామ ఆ బద్దల వైపు చూశాడు.

"తీసినావా," అన్నాడు.

వీధిలో కూర్చున్నాడు. కూలబడ్డాడని రాయవచ్చు, కానీ కాదు. మోకాళ్లు మడిచి, పంచె సర్దుకుని, నిదానంగా కూర్చున్నాడు, బస్సు ఇక రాదని తెలిసినవాడిలాగా.

ఆ బద్దలు ఏమిటో అత్త చెబితే తెలిసింది. పడుగులో వేల పోగులు. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరసంతా ఆ రెండు బద్దల మీదే నిలబడి ఉంటుంది. వాటికి పైనొకటి కిందొకటి పోగులు దాటుతూ ఉంటాయి గనక వరస చెదరదు. నేతగాళ్లు మగ్గం తగలబడితే కూడా ముందు ఆ బద్దలకు తాడు కట్టి బయటికి తెస్తారట. తీసేస్తే అది పడుగు కాదు, జుట్టు. విడదీసి మళ్లీ వరస కట్టడానికి నెలలు పడుతుంది, అదీ కొరకని పడుగైతే. ఎలుకలు జానెడు తిన్నాయి. మిగిలింది నేను పూర్తి చేశాను.

షెడ్డు

ఆ సాయంత్రం మామ మరమగ్గాల షెడ్డుకు పోయి అడిగొచ్చాడు. నేనూ వెంట పోయాను. వద్దని చెప్పే ఓపిక ఆయనకు లేదు. లోపల రేకుల కప్పు కింద ఇరవై మగ్గాలు ఒకేసారి కొట్టుకుంటున్నాయి. మేస్త్రీ మామ చెవిలో అరిచాడు, మామ తల ఊపాడు. సోమవారం నుంచి రమ్మన్నాడు. బయటికొచ్చాక కడలెకాయలు, అంటే వేరుశనక్కాయలు, కొన్నాడు, సేరు నాలుగు రూపాయలకు, సగం నా జేబులో పోశాడు.

"అక్కడ కాళ్లకు పనిలేదంట, చేతులకు పనిలేదంట. నిలుచుకొని చూస్తా ఉంటే చాలంట. పోగు తెగితే కట్టేది," అన్నాడు. "నీ ఉద్యోగం మాదిరే అప్పా."

నాకు కోపం కావాలి. ఒక్క తిట్టు తిట్టినా చాలు, సర్దుకునేవాణ్ణి. దారిపొడుగునా నాలుగు సార్లు మొదలుపెట్టాను, "మామా, నా తప్పు..." అని. నాలుగోసారి ఆయనే ఆపాడు.

"నీదేముందప్పా. ఆ గూబ కన్ను పడిన ఇంట్లో ఎవరి చెయ్యైనా అట్లే పోతుంది."

జగలి దగ్గర అవ్వ కూడా అదే అంది. వీధంతా అదే అంది. తెలివైన పిల్లోడు, చేతికి అందివచ్చిన పని, ఉన్నట్టుండి బద్దలు లాగడమేమిటి? గూబే లాగించింది. రెండు రోజుల క్రితం ఇదే మాట విని ఉంటే పడీపడీ నవ్వేవాణ్ణి. ఇప్పుడు అత్త నాకు మజ్జిగ ఇచ్చింది, దిష్టి తీసింది. తాగాను.

చింతచెట్టు

పొద్దున ఇద్దరు మనుషులు గొడ్డళ్లతో వచ్చారు. గూబలు ఇంకా పెరటి చెట్టులోనే ఉన్నాయని వీధికి తెలిసింది. తెలిపింది నేనే, మొన్న, గర్వంగా, పిల్లతో సహా. మగ్గం పోయింది, ఇక మనిషి ప్రాణం పోకముందే చెట్టు తీసేయాలని అవ్వ పట్టు పట్టింది. మామ అవునని అనలేదు, కాదని అనలేదు.

అత్త మాత్రం నా దగ్గరికొచ్చింది. పాఠం చెప్పిన రోజు ఆమె ఒక్కతే ఒక్కసారి కూడా "నిజమే" అనలేదు. అంటే నిజంగా వింది.

"ఏమప్పా," అంది నెమ్మదిగా. "నువ్వు చెప్పినావు గద, అది మేలు చేసే పక్షి అని. ఇంకా పిల్ల ఎగరలేదని. చదువుకున్నోడివి, నువ్వు చెప్తే ఆపుతారు. ఏమంటావు?"

చెప్పడానికి మాటలు నా దగ్గర సిద్ధంగానే ఉన్నాయి. గూబకు ఏ పాపమూ తెలీదు. బద్దలు తీసింది నేను. దాని కన్ను నా మీద పడలేదు, పడి ఉంటే జాలిపడేది. చెడగొట్టింది పూర్తిగా నేనే, ఇంకెవరూ కాదు, ఏ శక్తీ కాదు. ఇంత చెబితే చెట్టు నిలిచేది. కానీ అప్పుడు ఆ వీధిలో చెట్టూ నేనూ మాత్రమే మిగులుతాం.

అందరూ నా ముఖం వైపు చూస్తున్నారు. ఎంత మర్యాదగా చూస్తున్నారంటే, చెప్పలేను.

"మీ ఇష్టం అత్తా," అన్నాను.

ఆమె నన్ను ఇంకో క్షణం చూసింది. తర్వాత పోయి నా సంచిలో చిత్రాన్నం పొట్లం పెట్టింది.

చెట్టు పడేదాకా ఉండమన్నాడు మామ, చింతపండు ఇచ్చి పంపిస్తానని. కాలేజీకి పోవాలన్నాను. వేసవి సెలవులు ఇచ్చి వారమైందని జగలి మీద ఉన్న ముగ్గురికీ తెలుసు. ఎవరూ ఆ మాట అనలేదు. గొడ్డలి మొదటి దెబ్బ వినిపించేసరికి నేను బస్టాండు మలుపు తిరిగాను. రెండో దెబ్బ వినబడకుండా కొంచెం గట్టిగా నడిచాను.